వాన చేసిన ఆలస్యం, సుగ్రీవుడు చేసిన ఆలస్యం

దేవుణ్ణి అడగవచ్చు. ఆ విషయంలో మా ఇంట్లో ఎవరికీ సందేహం లేదు. త్వరగా ఇమ్మని అడగవచ్చా? అడిగితే భక్తికి లోటా? నాకంటే ముందు నిలబడ్డవాళ్లను పక్కకు జరపమని దేవుడితో చెప్పినట్టవుతుందా? పెళ్లయిన దగ్గర్నుంచీ నన్ను వదలని ప్రశ్న ఇది. మా అమ్మ ప్రతి శుక్రవారం భద్రకాళి గుడికి పోయి, బిడ్డ జల్ది మొగుని దగ్గరికి పోవాలె అని మొక్కి వస్తుంది. ఆ "జల్ది" దగ్గరే నాకు ఆలోచన ఆగిపోతుంది.

నాకు 2022 ఫిబ్రవరిలో పెళ్లయింది. మా ఆయన డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాడు. నేను హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ని. ఆయనది వాళ్ల మేనత్త వేసిన పిటిషన్ మీద తల్లిదండ్రులతో కలిసి 2020 మొదట్లో అమెరికా వెళ్లిన కుటుంబం. ఆ పిటిషన్ పండటానికి పదిహేనేళ్ల దాకా పట్టింది కాబట్టి ఎదురుచూడటం వాళ్లకు కొత్త కాదు. పెళ్లినాడు మావాళ్లంతా "గ్రీన్‌కార్డు పిలగాడు, ఇగ ఆర్నెల్లల్ల పోతవ్" అన్నారు. గ్రీన్‌కార్డే చిక్కని ఆ రోజు ఎవరికీ తెలియదు. హెచ్-1బీ మీద పనిచేసేవాడు పెళ్లి చేసుకుంటే భార్య హెచ్-4 మీద వెళ్తుంది, దానికి ఏటా ఇన్నే అన్న లెక్క లేదు. అమెరికా పౌరుడి భార్యకూ లెక్క లేదు, ఫైలు నడవటానికి పట్టే కాలమే. గ్రీన్‌కార్డు వచ్చాక పెళ్లి చేసుకున్నవాడి భార్య మాత్రం ఎఫ్-2ఏ అనే వరుసలో నిలబడాలి. పోనీ చూసి వద్దామని విజిటర్ వీసా అడిగితే, అక్కడే ఉండిపోవడానికి పిటిషన్ వేసుకున్నదానివి తిరిగొస్తావని నమ్మకమేమిటంటారు.

మా పిటిషన్ వేసినప్పుడు ఆ వరుస కదులుతూనే ఉంది. 2019 జూలై నుంచి అమెరికా ప్రభుత్వం ఇచ్చే వీసా బులెటిన్‌లో ఎఫ్-2ఏ గడిలో "సి" అనే ఒక్క అక్షరం ఉండేది. అంటే ఫైలు పూర్తయినవాళ్లకు వీసా నంబరు సిద్ధంగా ఉన్నట్టు. 2023 ఏప్రిల్ బులెటిన్‌లో ఆ అక్షరం పోయి 2020 సెప్టెంబర్ 8 అన్న తేదీ వచ్చింది. ఆ తేదీకి ముందు పిటిషన్ పడ్డవాళ్లకే ఇక వీసా. మాది 2022 వేసవిలో పడింది. మా ఆయన ఫోన్లో ఆ తేదీ చదివి, ఆ తర్వాత ఏం మాట్లాడాలో తెలియక, "తిన్నవా?" అని అడిగాడు. అప్పటి నుంచి నెలకోసారి బులెటిన్ వస్తుంది. ఒక్కోసారి తేదీ కొన్ని వారాలు జరుగుతుంది, ఒక్కోసారి నెలల తరబడి ఉన్నచోటే ఉంటుంది. దాన్నిబట్టి నేను వరుసలో ఎక్కడున్నానో తెలుస్తుంది. నా వంతు ఎప్పుడొస్తుందో మాత్రం తెలియదు.

ఈ మధ్యలో నాకు అందిన ఓదార్పులన్నీ ఒకే రకం. రాసిపెట్టి ఉంటే అదే వస్తది. ఏ జన్మలో ఎవరిని విడదీశావో ఏమో. శబరి ఎన్నేళ్లు ఎదురుచూసిందో తెలుసా. ఈ మాటలు అన్నవాళ్లందరూ నా మేలు కోరేవాళ్లే. వాళ్ల మీద కోపం లేదు. మాట మీద మాత్రం ఉంది. శబరి ఎదురుచూసిన మాట నిజం. కానీ రాముడు ఈ ఆశ్రమానికి వస్తాడని వెళ్లిపోతూ మునులు ఆమెకు చెప్పి మరీ వెళ్లారు. ఆమె ఒక హామీని పట్టుకుని బతికింది. భరతుడు నందిగ్రామంలో పద్నాలుగేళ్లు ఎదురుచూశాడు, గడువు దాటితే అగ్నిలో దూకుతానని ముందే చెప్పి. అందుకే రాముడు తిరిగొస్తూ భరద్వాజుడి ఆశ్రమంలో ఆగినప్పుడు హనుమంతుణ్ణి ముందుగా నందిగ్రామానికి పంపాడు. మాటో గడువో ఏదో ఒకటి లేకుండా ఎవరినీ ఓపిక పట్టమని ఆ కథ అడగలేదు. మనం మాత్రం రెండూ లేని ఆడపిల్లను శబరిలా ఉండమంటున్నాం.

పాపపుణ్యాల లెక్క చెప్పేవాళ్లు గీతను కూడా తెస్తారు. ఫలం మీద నీకు అధికారం లేదన్న శ్లోకం వాళ్లకు నోటికొచ్చు. అదే శ్లోకం చివరి పాదంలో, పని మానుకుని కూర్చోవడం మీద ఇష్టం పెంచుకోకని కృష్ణుడు అన్న సంగతి ఎవరూ చెప్పరు. యోగవాసిష్ఠంలో వసిష్ఠుడు పదహారేళ్లు నిండని రాముడికి ఇంకా గట్టిగా చెబుతాడు: దైవం అని మనం అనేది మనం ఎప్పుడో చేసిన ప్రయత్నమే, ఇవాళ్టి ప్రయత్నం దాన్ని ఓడించగలదు. విరక్తితో ముడుచుకుపోయిన కుర్రవాడికి ఒక గురువు చెప్పిన తొలి పాఠాల్లో ఇది ఒకటి. కర్మ సిద్ధాంతం మనిషిని కూర్చోబెట్టడానికి పుట్టిందని నేను అనుకోను. కూర్చోబెట్టడానికి వాడుకుంటున్నవాళ్లం మనమే.

మా నానమ్మకు రోజూ పొద్దున ఎం.ఎస్. రామారావు గారి సుందరకాండ వినకపోతే గడవదు. నేను సుందరకాండ పారాయణ మొదలుపెట్టిందీ ఆమె మాట మీదే. విడిపోయిన ఆలుమగలను అది కలుపుతుందని మనవాళ్ల నమ్మకం. చదువుతూ చదువుతూ వెనక్కి, కిష్కింధకాండకు వెళ్లాను. నా ప్రశ్నకు జవాబు మొదట అక్కడ కనిపించింది.

వాలి చనిపోయాడు, సుగ్రీవుడికి పట్టాభిషేకమైంది. అప్పుడే వానాకాలం దిగింది. సీత ఎక్కడుందో తెలియదు, రాముడికి క్షణం ఒక యుగంలా ఉంది. అయినా నాలుగు నెలలు ప్రస్రవణగిరి మీద గుహలో తమ్ముడితో ఉండిపోయాడు. దారులు మునిగాయి, నదులు దాటలేరు, సైన్యం నడవలేదు. వానను తిట్టి లాభం లేదు. ఏడ్చాడు, సీతను తలుచుకుని వాల్మీకి చేత సర్గల కొద్దీ రాయించుకున్నాడు, కానీ కదలలేదు. శరత్తు వచ్చింది. ఆకాశం తేటపడింది, దారులు ఆరాయి. సీతను వెతికిస్తానని మాటిచ్చిన సుగ్రీవుడు మాత్రం అంతఃపురంలో తాగి సుఖంగా ఉన్నాడు. ముందు హనుమంతుడు మెల్లగా గుర్తుచేశాడు. తర్వాత రాముడు లక్ష్మణుణ్ణి పంపాడు. లక్ష్మణుడి వింటినారి మోతకు కిష్కింధ వణికింది, తార బయటికొచ్చి సర్దిచెప్పాల్సి వచ్చింది.

నాలుగు నెలలు ఊరుకున్న రాముడూ అంత కోపంతో తమ్ముణ్ణి పంపిన రాముడూ ఒక్కడే. వాన చేసే ఆలస్యాన్ని భరించాడు. మనిషి చేసే ఆలస్యాన్ని భరించలేదు. ఈ రెంటికీ తేడా తెలుసుకోవడమే ఎదురుచూసేవాళ్ల ధర్మమని నాకు అర్థమైంది. అన్నిటికీ రంకెలు వేసేవాడు వానతో కొట్లాడుతున్నాడు. అన్నిటికీ తలవంచేవాడు సుగ్రీవుణ్ణి దేవుణ్ణి చేస్తున్నాడు.

ఇక సీతమ్మ సంగతి. అశోకవనంలో హనుమంతుడు ఆమెకు అన్నిటికన్నా దగ్గరి దారి చూపించాడు. నా వీపు మీద కూర్చో తల్లీ, ఇవాళే నిన్ను రాముడి దగ్గర దింపుతానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. సముద్రం మీద పడిపోతానేమోనన్న భయం చెప్పింది, రాక్షసులు వెంటపడితే నీకు కష్టమంది, పరపురుషుణ్ణి నా అంతట నేను తాకనంది, రాముడు వచ్చి రావణుణ్ణి గెలిచి తీసుకెళ్లడమే తగినదంది. ఇక్కడివరకు అందరూ చెబుతారు, ఎంత ఓర్పు, ఎంత పాతివ్రత్యం అని. ఆ తర్వాత ఆమె అన్న మాటను మాత్రం ఎందుకో దాటేస్తారు. రావణుడి గడువుకు ఇంకా రెండు నెలలున్నా, ఒక్క నెలే బతుకుతాను, ఆలోపు రమ్మని రాముడికి చెప్పమంది. హనుమంతుడి వీపు వద్దన్న మనిషే రాముణ్ణి తొందరపెట్టింది. అడ్డదారి వేరు, తొందర వేరు. మొదటిది వద్దన్నంత మాత్రాన రెండోది తప్పు కాదు. మన సాహిత్యంలో భార్య భర్తకు పంపిన అత్యవసర సందేశం అంతకన్నా సూటిగా ఇంకోటి నేను చదవలేదు.

నాకు దొరికిన అడ్డదారి గురించి చెబుతాను. ఎక్స్‌పెడైట్ అని, ఫైలు త్వరగా చూడమని అమెరికా ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకు ఒక అభ్యర్థన పెట్టుకోవచ్చు. ప్రాణం మీదికొచ్చిన జబ్బు, మానవతా దృష్టితో చూడాల్సిన అత్యవసరం, తీవ్రమైన ఆర్థిక నష్టం, ఆఫీసు వల్ల జరిగిన పొరపాటు, ఇలాంటివి కారణాలుగా చూపాలి. భార్యాభర్తలు దూరంగా ఉన్నారన్న ఒక్క కారణం చాలదు. ఒక కన్సల్టెంట్ దగ్గరికి పోతే ఆయన చాలా మర్యాదగా, "మేడమ్, మీ సార్‌కి డిప్రెషన్ అని ఒక లెటర్ తెప్పించండి. లేదంటే మీ అత్తగారికి సీరియస్ అని పెడదాం. అందరూ చేసేదే" అన్నాడు. ఆ రాత్రి మా ఆయనకు ఫోన్లో చెబితే కాసేపాగి అడిగాడు, "మా అమ్మకు జబ్బని రాసి, దేవుడికి ఏమని మొక్కుతవ్?"

నేను వద్దన్నది శకునానికి భయపడి కాదు. మా ల్యాబ్‌లో ప్రతి శాంపిల్‌కూ ఒక వరుస ఉంటుంది. అర్జెంట్ అని రాసి వచ్చినదాన్ని వరుస దాటించి ముందు పెడతాం. ఛాతీ నొప్పితో వచ్చిన మనిషి ట్రోపోనిన్, డయాలసిస్ రోగి పొటాషియం, అలాంటివి. కానీ పెద్దమనిషి చుట్టమని, తెలిసినవాళ్లని, మామూలు పరగడుపు షుగర్ శాంపిల్ మీద కూడా అర్జెంట్ అని రాయించుకొస్తారు. ఒకరోజు అలాంటి అర్జెంట్లు వరుసగా వచ్చాయి. వాటి మధ్యలో నిజంగా గుండెపోటుతో వచ్చిన ఆటో డ్రైవర్ శాంపిల్ కూడా అదే ముద్రతో నిలబడి ఉంది. చూపుకు అన్నీ ఒకటే. ఆయనకేమీ కాలేదు, రిపోర్టు సమయానికే వెళ్లింది. కానీ ఆ రోజు నుంచి అబద్ధపు అర్జెంట్ అంటే నా దృష్టిలో ముఖం తెలియని ఒక మనిషి నోటి దగ్గర కూడు లాక్కోవడమే. ఎక్కడో ఒక భార్య నిజంగా క్యాన్సర్‌తో ఉన్న భర్త పక్కన ఉండాలని రాసుకున్న ఉత్తరం పక్కన నా దొంగ ఉత్తరం పడితే, చదివే ఆఫీసర్ రెంటినీ ఒకే అనుమానంతో చూస్తాడు. నిజం చెప్పేవాళ్ల మాటకు విలువ పోగొట్టడం దొంగతనాల్లోకెల్లా పెద్దది.

పైగా మాలాంటివాళ్లకు ఆ ఉత్తరం పనికి కూడా రాదు. పిటిషన్‌ను త్వరగా చూస్తారేమో గానీ, ప్రయారిటీ డేట్, అంటే పిటిషన్ పడిన తేదీ, వంతుకు రాకుండా వీసా నంబరు ఇచ్చే అధికారం ముంబైలోని అమెరికా కాన్సులేట్‌కు కూడా లేదు. ఈ సంగతి చెప్పకుండా డబ్బు తీసుకునేవాళ్లున్నారు.

మరి మా ఆలస్యంలో వాన ఎంత, సుగ్రీవుడెంత? డేట్ వచ్చాక కూడా ఫైలు కదలకపోతే, పంపిన పత్రం అందలేదంటే, అది సుగ్రీవుడు. అప్పుడు ఉత్తరం రాయాలి, మళ్లీ రాయాలి. అమెరికా కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసులో ఇలాంటి కేసులు చూసే ఉద్యోగి ఉంటారు. అక్కడ నివసించేవాడిగా మా ఆయన అనుమతి పత్రం మీద సంతకం చేసి ఇస్తే వాళ్లు ఆరా తీస్తారు. అది వరుస దాటడం కాదు, వరుసలో ఉన్నానని గుర్తుచేయడం. లక్ష్మణుడి పని అది.

కోటా సంగతి అంత తేలిక కాదు. చూడటానికి అది వానలాగే ఉంటుంది. ఎవరి మీద కోప్పడాలో తెలియదు, బులెటిన్ ఆకాశం నుంచి పడినట్టు పడుతుంది. కానీ ఆ అంకెను మనుషులు కూర్చుని రాశారు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ల భార్యలకు, భర్తలకు, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలకు ప్రపంచం మొత్తానికీ కలిపి ఏడాదికి సుమారు 88 వేల వీసాలు. 1990లో చేసిన చట్టంలోని లెక్క అది. అప్పటికి నేను పుట్టలేదు. అంతకు ముందు కథ ఇంకా కఠినం. కాలిఫోర్నియా పొలాల్లో పనిచేసిన పంజాబీ రైతులు 1917 చట్టం తర్వాత ఊళ్లో ఉన్న భార్యల్ని తెచ్చుకోలేకపోయారు. 1946లో చట్టం మారితే భారతీయులకు ఏడాదికి దొరికినవి 100 వీసాలు. వాళ్లలో ఎందరి భార్యలు ఇది నా తలరాత అనుకుంటూ ముసలివాళ్లయ్యారో. తలరాత కాదది. ఒక సభలో ఓటు వేసి పెట్టిన అంకె, ఇంకో ఓటుతో మారగలిగిన అంకె.

ఇంకో దారి ఉంది, అది న్యాయమైనదే. 2025 మొదట్లో మా ఆయనకు గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్లు నిండాయి. పౌరసత్వం తీసుకుంటే నేను కోటా నుంచి బయటపడతాను. అయితే మన 1955 పౌరసత్వ చట్టం ప్రకారం ఆ రోజుతో ఆయన భారత పౌరుడు కాకుండా పోతాడు. అక్కడ చేసే ప్రమాణంలో పాత దేశం పట్ల విధేయతను వదులుకుంటున్నానని, మనసులో ఏ దాపరికమూ లేకుండా చెబుతున్నానని అనాలి. "నీ కోసం చేస్త" అన్నాడు. నేను వద్దన్నాను. నా కోసమే అయితే వద్దు, ఆ దేశానికి ఓటేసి, దాని మంచిచెడ్డలు నావే అనుకోగలనని నీకు అనిపిస్తే చెయ్యి, అన్నాను. అత్తమ్మకు అబద్ధపు జబ్బు రాయనివాళ్లం, దేవుడి పేరు ఉన్న ప్రమాణాన్ని మాత్రం అబద్ధంగా ఎలా చేస్తాం? ఆయన కొన్ని వారాలు ఆలోచించాడు. అక్కడ తను పెట్టుకున్న స్నేహాలు, పనిచేసే బడి పిల్లలు, చెల్లెలి భవిష్యత్తు, అన్నీ లెక్కలో వేసుకున్నాడు. ఇప్పుడు మనస్ఫూర్తిగా అంటున్నాడు. నాకు నమ్మకం కలిగింది.

2024 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. శాండ్రా మునోజ్ అనే అమెరికా పౌరురాలి భర్త ఎల్ సాల్వడార్ వాడు, అతనికి 2015లో వీసా నిరాకరించారు. తన భర్తను దేశంలోకి రానివ్వమని కోరే ప్రాథమిక హక్కు ఆమెకు లేదని కోర్టు తేల్చింది. కేసు ఫలితం వరకు ఆరుగురు జడ్జీలు ఒకవైపు, ముగ్గురు మరోవైపు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పౌరురాలికే లేకపోతే మాకెక్కడిది? తర్వాత నిదానంగా ఆలోచిస్తే ఒకటి తోచింది. మన పెళ్లిలో ఏడు అడుగులు వేయించి, ఇక నుంచి కలిసి నడవమన్నారు. అది హక్కు ఇవ్వడం కాదు, ఒక బాధ్యత మోపడం. హక్కు ఉందో లేదో కోర్టు చెప్పవచ్చు. బాధ్యత ఉందో లేదో చెప్పే అధికారం ఏ కోర్టుకూ లేదు. కలిసి ఉండటానికి నిజాయితీగా ఎంత చేయగలమో అంతా చేయడం నా వివాహధర్మంలో భాగం. కాబట్టి త్వరపడటం నా భక్తికి లోటు కాదు. అది నా భక్తిలో ఉన్నదే.

చిలుకూరు గుడికి నేనూ వెళ్లాను. ఉస్మాన్‌సాగర్ పక్కన ఉన్న ఆ గుడిని పేపర్లవాళ్లు వీసా బాలాజీ అంటారు. కోరికతో 11 ప్రదక్షిణలు, తీరాక వచ్చి 108. అక్కడ హుండీ లేదు, వీఐపీ దర్శనం లేదు. మంత్రయినా, నాలాంటి ల్యాబ్ ఉద్యోగి అయినా అదే ప్రాకారం చుట్టూ అందరి మధ్యలో తిరగాల్సిందే. నా ముందు ఇంజినీరింగ్ పిల్లలు, వాళ్ల తల్లులు. వాళ్ల చేతుల్లో అంకెలు వేసిన అట్టముక్కలు. అక్కడ నాకు ముందున్నవాళ్లను తోయమని అడగాలనిపించలేదు. వరుస మొత్తాన్ని కదిలించు స్వామీ అని అడిగాను. వీసా వరుసలో నా ముందున్నవాళ్ల ఫైళ్లు కదిలితేనే నాది కదులుతుంది. ప్రపంచంలో ఎక్కడెక్కడో, మెక్సికోలో, ఫిలిప్పీన్స్‌లో, నా డేట్ చుట్టుపక్కల నిలబడ్డ ఆడవాళ్లందరి కోసం తిరిగినట్టే తిరిగాను. ఇలా మొక్కితే దేవుణ్ణి త్వరగా కానియ్యమని అడగడానికి సిగ్గు వేయదు.

ఇక మీతో రెండు మాటలు. అమెరికాలో పౌరసత్వం ఉన్న తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. గ్రీన్‌కార్డు భర్తల భార్యలకు ఓటు లేదు, మీకుంది. మీ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు ఫోన్ చేసి 1990 నాటి ఆ అంకె గురించి అడగండి. మీ భార్య మీ పక్కనే ఉన్నా సరే, అడగండి. ఇక్కడి పెద్దలకు ఒక విన్నపం. మీ వాడకట్టులో నాలాంటి కోడలో కూతురో ఉంటే, ఆమెకు పూర్వజన్మ పాపం అంటగట్టకండి. దొంగ సర్టిఫికెట్ పెట్టమని సలహా ఇవ్వకండి. పాస్‌పోర్టు ఆఫీసుకు పోలీస్ క్లియరెన్స్ కోసం వెళ్లే రోజు తోడు వెళ్లండి, ముంబై ఇంటర్వ్యూకు పిలుపొస్తే ఆమెతో రైలెక్కండి.